మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళకి పాట: ఏది పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎవరు పాడాలి

పాలకొల్లు నుంచి ఒక కోడలు గారు అడిగిన ప్రశ్న ఇది. అత్తగారికి 77 ఏళ్ళు. అల్జీమర్స్ అని డాక్టర్లు తేల్చారు. పుట్టిల్లు రాజోలు వైపు. సాయంత్రం అయిదు అయ్యేసరికి కొంగు సర్దుకుని గేటు దగ్గరికి వెళ్ళి "మా ఇంటికి పోతాను, నాన్నగారు ఎదురు చూస్తుంటారు" అంటారు. స్నానానికి ఒంటి మీద చెయ్యి వేయనివ్వరు. సంగీతం మంచిదని ఎవరో చెబితే, యూట్యూబ్‌లో మెదడుకు మేలు చేసే రాగాలంటూ ఉన్న వీణ వీడియో ఒకటి రోజంతా పెట్టారు. రెండో రోజుకే ఆవిడ చిరాకుపడి ఫోన్ విసిరికొట్టారు. "అసలు ఇది పని చేస్తుందా? చేస్తే ఏ రాగం పెట్టాలి?" అని అడుగుతున్నారు.

నేను నర్సుని. అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళనీ మతిమరుపు జబ్బున్నవాళ్ళనీ చూసుకోవడం చాలా ఏళ్ళుగా నా పని. నేను చూసినంతలో, చదివినంతలో పాట పని చేస్తుంది. ఫలానా రాగం ఫలానా జబ్బుకని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి కానీ, డిమెన్షియాకి, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులకి, ఒక రాగం ఇంకో రాగం కంటే మేలని చూపించే గట్టి పరిశోధన లేదు. కాబట్టి రాగం సంగతి వదిలేయండి. మీ అత్తగారి సొంత పాట ఏదో కనుక్కోండి. దాన్ని ఇబ్బంది మొదలయ్యే వేళకి కాస్త ముందు పెట్టండి. పక్కన మనిషి కూర్చుని గొంతు కలపాలి. ఈ మూడూ కుదిరితే రోజులో ఒకటి రెండు కష్టమైన గంటలు తేలికవుతాయి. జబ్బు మాత్రం తగ్గదు. ఆ ఆశ పెట్టుకోవద్దని మొదటే చెప్పేస్తున్నాను.

అల్జీమర్స్‌లో తొలి దశలోనే దెబ్బతినేది మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం, దాని చుట్టుపక్కల భాగం. పొద్దున్న ఏం తిన్నాం, ఇప్పుడే ఎవరొచ్చి వెళ్ళారు అన్నది నమోదయ్యేది అక్కడే. చిన్నప్పటి నుంచి విన్న పాటని గుర్తుపట్టేటప్పుడు పని చేసే భాగాలు వేరు. జర్మనీలో లైప్‌జిగ్ నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఆ భాగాలు ఎక్కడున్నాయో స్కాన్ల ద్వారా గుర్తించి, వాటిని అల్జీమర్స్ ఉన్నవాళ్ళ మెదడు స్కాన్లతో పోల్చి 2015లో ఫలితాలు ప్రచురించారు. మెదడులో మిగతా చోట్ల కుంచించుకుపోయినంతగా అవి కుంచించుకుపోలేదు. అందుకే కాబోలు కొడుకు పేరు రాని మనిషి మంగళహారతి మాత్రం మొదటి నుంచి చివరిదాకా పాడగలుగుతుంది. ఇందులో నటన లేదు. "అన్నీ గుర్తున్నాయి, మా దగ్గరే నాటకం ఆడుతోంది" అని ఇంట్లో ఎవరైనా అంటే దయచేసి వాళ్ళకి ఈ సంగతి చెప్పండి. ఆ మాట వల్ల కొన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దెబ్బలు కూడా తిన్నారు.

ఎంత మేలు జరుగుతుందో కూడా సరిగ్గా చెప్పాలి. వైద్య పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టి చూసే కాక్రేన్ సంస్థ 2018లో 22 అధ్యయనాలని, వాటిలో పాల్గొన్న 1,097 మందిని లెక్కలోకి తీసుకుంది. పాటతో చేసే చికిత్స వల్ల దిగులు తగ్గవచ్చనీ, మొత్తమ్మీద ప్రవర్తనలో వచ్చే ఇబ్బందులు కొంత తగ్గవచ్చనీ తేలింది. జ్ఞాపకశక్తి మీద పెద్ద ప్రభావం కనిపించలేదు. కొట్టడం, తిట్టడం, అశాంతిగా తిరగడం మీద కూడా సగటున పెద్దగా కనిపించలేదు. సగటు అంటే అందరినీ కలిపి చూసిన లెక్క. సరైన పాట సరైన వేళకి అందిన మనిషిలో మార్పు నేను కళ్ళారా చూస్తూనే ఉన్నాను. కానీ పక్కింటావిడకి పని చేసిందని మీ అత్తగారికీ అంతే పని చేయాలని లేదు. ఫిన్లాండ్‌లో 89 జంటలతో, అంటే ఒక రోగి, వాళ్ళని చూసుకునే మనిషి కలిపి ఒక జంటగా, పది వారాల పాటు ఒక ప్రయత్నం చేశారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, పాడటం వల్ల చూసుకునేవాళ్ళ మనసు కూడా కుదుటపడింది. ఒంటరిగా రాత్రీ పగలూ సేవ చేస్తున్న కోడళ్ళకీ కూతుళ్ళకీ ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు పని. ఆవిడ పాట ఏది?

మనిషికి బాగా నిలిచిపోయేవి దాదాపు పదేళ్ళ నుంచి పాతికేళ్ళ వయసు మధ్యలో విన్న పాటలు. మీ అత్తగారి విషయంలో అవి సుమారుగా 1958 నుంచి 1973 దాకా. సినిమా పాటలైతే ఘంటసాల, సుశీల, లీల, జిక్కిల కాలం. అయితే సినిమా దగ్గరే ఆగిపోకండి. మన డెల్టాలో ఊరు మారితే, పేట మారితే పాట మారుతుంది. వరిచేలో దిగిన ఆడవాళ్ళకి ఊడుపు పాటలు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునే పాటలవి. ఇంట్లో పెరిగినవాళ్ళకి మంగళహారతులు, లాలిపాటలు, పెళ్ళిలో అప్పగింతల పాటలు, ధనుర్మాసంలో గొబ్బి పాటలు. భజన మందిరం ఉన్న ఊరైతే రామదాసు కీర్తనలు, తత్వాలు. చర్చి ఉన్న పేటలో పెరిగినవాళ్ళకి ఆదివారం పాడిన క్రైస్తవ కీర్తనలు. నాకు తెలిసిన ఒక మామ్మ గారు మాట పూర్తిగా పోయాక కూడా కీర్తన చివర ఆమేన్ దగ్గర గొంతు కలిపేవారు. సముద్రం పక్క ఊళ్ళల్లో అయితే వల లాగేటప్పుడు పాడే పాటలు.

రేడియోని మర్చిపోకండి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. పొద్దున్నే వచ్చే భక్తిరంజని ఈ జిల్లాల్లో కొన్ని తరాలని నిద్రలేపింది. దాన్ని తీర్చిదిద్దిన బాలాంత్రపు రజనీకాంతరావు గారిది నిడదవోలు. ఆ రేడియోలో పాడిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పుట్టింది మీ అత్తగారి పుట్టింటి వైపే, శంకరగుప్తంలో. ఇంట్లో రేడియో లేనివాళ్ళు కూడా పంచాయతీ ఆఫీసు దగ్గర మైకులో విన్నారు. "పొద్దున్న రేడియోలో ఏం వచ్చేది అత్తయ్యా" అని అడిగితే జవాబు రాకపోవచ్చు. ఆ తరహా కీర్తన ఒకటి సన్నగా పెట్టి, ముఖం చూడండి. కాలి వేలు కదిలినా, పెదవి కదిలినా, కళ్ళు మీ వైపు తిరిగినా అది తగిలినట్టే.

ఆవిడ చెప్పలేరు కాబట్టి చెప్పగలిగినవాళ్ళని అడగాలి. రాజోలు వైపు అక్కచెల్లెళ్ళు, వదినలు, చిన్ననాటి స్నేహితులు ఎవరైనా ఉంటే ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. బళ్ళో, పెళ్ళిళ్ళలో ఏం పాడేవారు? పని చేస్తూ ఏం కూనిరాగం తీసేవారు? ఏ పాట వస్తే లేచి వెళ్ళిపోయేవారు? ఈ మూడోది చాలా ముఖ్యం. ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను.

సొంత పాట దొరికితే ఎలా ఉంటుందో ఒక సంగతి చెబుతాను. అంబాజీపేట దగ్గర ఊళ్ళో ఒక తాతగారు ఉండేవారు. వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. నేను వెళ్ళేనాటికి కోడలిని "నువ్వు ఎవరమ్మా" అని అడిగే స్థితి. మనవడు పాత సినిమా పాటలు పెడితే గోడవైపు తిరిగి పడుకునేవారు. ఒకరోజు ఆ ఊళ్ళోనే ఉన్న పాత హార్మోనిస్టు ఒకాయన పెట్టె తెచ్చి మంచం పక్కన పెట్టుకుని శ్రుతి వేశారు. తాతగారి కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. హార్మోనిస్టు పద్యం మొదటి పాదం ఎత్తుకున్నారు. రెండో పాదం తాతగారు అందుకున్నారు. ఒక్క అక్షరం తడబడలేదు. నాలుగో పాదం చివర రాగం తీస్తూ చెయ్యి పైకెత్తారు, ఊపిరి చాలక ఆగారు, దమ్ము తీసుకుని మళ్ళీ అక్కడి నుంచే తీశారు. తలుపు దగ్గర నుంచి కోడలు "వన్స్‌మోర్" అంది. ఆయన లేచి కూర్చుని, స్టేజీ మీద పెట్టినట్టే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. కాసేపటికి ఆ వచ్చినాయన ఎవరని మళ్ళీ అడిగారు. కానీ ఆ రాత్రి గొడవ లేకుండా అన్నం తిన్నారు, పడుకున్నారు. ఆ ఇంట్లోవాళ్ళు తర్వాత రికార్డు చేసిన పద్యాలు పెట్టి చూశారు. పలికారు గానీ, ఎదురుగా మనిషి ఉండి పాదం ఎత్తిచ్చినంతగా పలకలేదు.

అందుకే గొంతు గురించి గట్టిగా చెబుతున్నాను. మీకు సంగీతం రాకపోయినా పరవాలేదు, అపశ్రుతి అయినా పరవాలేదు. మీరే పాడండి. ఒక పాదం మీరు అని, చివరి మాట ఆవిడకి వదిలి ఒక్క క్షణం ఆగండి. అందుకుంటే సరే. అందుకోకపోతే మీరే పూర్తి చేసి ముందుకు వెళ్ళిపోండి. "ఇది ఏ పాటో చెప్పు అత్తయ్యా, ఎవరు పాడారో చెప్పు" అని మాత్రం అడగకండి. వచ్చిన బంధువులందరూ చేసే పని అదే. పాట వింటూ హాయిగా ఉన్న మనిషిని ఒక్క ప్రశ్నతో పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టు అవుతుంది. జవాబు రాక ముఖం ముడుచుకుపోతుంది, అక్కడితో ఆ పూట పోతుంది.

ఇక వేళ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కంగారు పెరగడం ఈ జబ్బులో మామూలే. పగలంతా అలిసిన మెదడు, తగ్గుతున్న వెలుతురు, గోడల మీద నీడలు, ఇంట్లో అందరూ ఒకేసారి తిరగడం, అన్నీ కలుస్తాయి. అప్పుడు ఆవిడ అడిగే "ఇల్లు" చిన్ననాటి ఇల్లు. "నాన్నగారు ఎప్పుడో పోయారు కదా" అని చెబితే, ఆ వార్త ఆవిడ అప్పుడే మొదటిసారి విన్నట్టు ఏడుస్తారు. వాదించకండి. మనిషికి తగ్గ పాటలు ఏరి ఇవ్వడం గురించి అమెరికాలో లిండా గెర్డ్‌నర్ అనే నర్సు చాలా పని చేశారు. కంగారు బాగా పెరిగే సమయానికి సుమారు అరగంట ముందే పాట మొదలుపెట్టమని ఆవిడ పద్ధతి. మీ ఇంట్లో అయిదుకి మొదలవుతోందంటే, నాలుగుంపావుకే లైట్లు వేసేయండి. టీవీ కట్టేయండి. టీ ఇచ్చి, వరండాలో కుర్చీ వేసి, పక్కన కూర్చుని నాలుగున్నరకి పాట అందుకోండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఆ తర్వాత నిశ్శబ్దం ఉండనివ్వండి. గేటు దగ్గరికి వెళ్ళి అరుస్తున్నప్పుడు పాట పెడితే అది ఇంకో రొదగా మారుతుంది.

రోజంతా ఏదో ఒకటి మోగుతూ ఉండటం మంచిది కాదు. అది పాటైనా సరే, భక్తి పాటైనా సరే. మీ అత్తగారు ఫోన్ విసరడానికి ఇదే కారణమని నా అనుమానం. తెలియని వాయిద్యం, ఆపు లేదు, మధ్యలో ప్రకటనలు. ఆ ప్రకటనలు పాట కంటే గట్టిగా వస్తాయి. గుండె ఝల్లుమంటుంది. ఏరిన పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి చిన్న స్పీకర్‌కి పెట్టండి. పాత రేడియోలా కనిపించే సారెగమ కారవాన్ లాంటి పెట్టె ఉంటే ఇంకా నయం. పెద్ద బటన్లు, ప్రకటనలు రావు, పాట ఎక్కడి నుంచి వస్తోందో కంటికి కనిపిస్తుంది. కనిపించడం ఎందుకు ముఖ్యమంటే, ఈ జబ్బుల్లో లూయీ బాడీ డిమెన్షియా అని ఒక రకం ఉంది. అందులో లేని మనుషులు కనిపిస్తారు. అలాంటివాళ్ళకి ఎక్కడో దాచిన స్పీకర్ నుంచి గొంతు వినిపిస్తే గదిలో ఎవరో దూరారని భయపడతారు. హెడ్‌ఫోన్లు కొందరికి సరిపడతాయి, చాలామంది పీకేస్తారు. బలవంతం వద్దు.

వీటన్నిటికంటే ముందు చెవులు చూపించండి. గుబిలి గట్టిపడి ఉందేమో, వినికిడి తగ్గిందేమో. వినికిడి మిషన్ ఉండి కూడా డబ్బాలోనే పెట్టేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. సగం వినిపించే పాట చిరాకే తెప్పిస్తుంది.

స్నానం సంగతి. ముక్తేశ్వరం వైపు ఒక లంక గ్రామంలో ఒకావిడ ఉండేవారు. సార్వాకీ దాళ్వాకీ ఊడుపుల్లో ముఠాకి ముందుండి పాట ఎత్తుకున్న మనిషి. నీళ్ళ చెంబు చూస్తే చాలు, చేతులు అడ్డం పెట్టి తిట్టేవారు. కూతురికి ఆ పాటల్లో రెండు చరణాలు గుర్తున్నాయి. మంచం దగ్గరే పాట మొదలుపెట్టి, పాడుతూనే చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాల మీద తువ్వాలు కప్పి, ముందు పాదాల మీద గోరువెచ్చని నీళ్ళు పోశాం. పాదాల మీద నీళ్ళు పడగానే ఆవిడ చేలో దిగినట్టే కాళ్ళు కాస్త ఎడంగా పెట్టారు. మూడో చరణం ఆవిడే ఎత్తుకున్నారు, మాకు తెలియని చరణం. ఆ పాట అయ్యేలోగా వీపు రుద్దడం కూడా అయిపోయింది. తల మీద నీళ్ళు మాత్రం ఆ రోజు పోయనివ్వలేదు, మేమూ పోయలేదు. మీరూ అలాగే చేయండి. పాట గదిలోనే మొదలవ్వాలి, తలస్నానం వేరే రోజుకి ఉంచుకోవాలి, బకెట్ ముందే నింపి పెట్టుకుని కుళాయి రొద లేకుండా చూసుకోవాలి. ఇలా అన్నీ కుదిరినా కొన్ని రోజులు ఒప్పుకోరు. ఆ రోజు తడిగుడ్డతో తుడిచి వదిలేయండి.

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న, ఏ పాట వస్తే లేచి వెళ్ళిపోయేవారు అన్నది. పాట సంతోషాన్ని ఎంత తేలిగ్గా లేపుతుందో దుఃఖాన్నీ అంతే తేలిగ్గా లేపుతుంది. మన వైపు చావు జరిగిన ఇంట్లో మైకులో గీత శ్లోకాలు పెట్టడం అలవాటు. అందుకని మంచి ఉద్దేశంతో పొద్దున్నే అవి పెడితే "ఎవరు పోయారు?" అంటూ ఇల్లంతా వెతికిన పెద్దవాళ్ళని చూశాను. పోయిన భర్తకి ఇష్టమైన పాట కొందరికి ఊరట, కొందరికి గాయం. కన్నీళ్ళు వచ్చినంత మాత్రాన ఆపక్కర్లేదు. కన్నీళ్ళతో పాటు చెయ్యి మీ చేతిని పట్టుకుంటే ఉండనివ్వండి. ఒళ్ళు బిగుసుకుని, ఊపిరి వేగంగా వచ్చి, లేవబోతుంటే మెల్లగా తగ్గించి ఆపేయండి. ఆ పాటని జాబితాలోంచి తీసేయండి.

పాట అన్నిటికీ మందు కాదు. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి మనిషి మారిపోతే, అంటే మత్తుగా పడి ఉండటమో, ఎన్నడూ లేనంత అరవడమో జరిగితే, పాటలతో కాలయాపన చేయకుండా డాక్టర్‌కి చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడో నొప్పి, ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వేసిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నొప్పి చెప్పుకోలేని మనిషి దాన్ని కోపంగానే చూపిస్తుంది. గొడవ తగ్గడానికి ఇచ్చే కొన్ని మానసిక వైద్యపు మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. మీ అత్తగారు అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకండి. "ఇంకా అవసరమేనా, మోతాదు తగ్గించవచ్చా" అని డాక్టర్‌ని అడగండి. పాటల వల్ల సాయంత్రాలు నెమ్మదించాయని చెబితే ఆ మాట డాక్టర్‌కి కూడా పనికొస్తుంది.

మీ గురించి కూడా ఒక మాట. ఈ పనంతా మీ ఒక్కరి మీదే పడనివ్వకండి. ఫోన్‌లో గంటలు గడిపే పిల్లలకి మామ్మతో ఏం మాట్లాడాలో తెలియదు, అందుకే దూరంగా ఉంటారు. పాటలు వెతికే పని వాళ్ళకి అప్పజెప్పండి. ఊళ్ళో ఉన్న మేనత్తల చేత పాడించి వాయిస్ మెసేజ్‌లు తెప్పించమనండి. మీ వారు దూరాన ఉంటే వీడియో కాల్‌లో "బాగున్నావా, నన్ను గుర్తుపట్టావా" అని అడిగే బదులు, చిన్నప్పుడు ఆవిడ తనకి పాడిన లాలిపాట రెండు పాదాలు పాడమనండి. మీకు నిద్ర లేక, మనసు బరువెక్కి ఉంటే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ళకి సంబంధించిన సాయానికి ఎల్డర్ లైన్ 14567 ఉంది.

ముందు రెండు వారాలు ఇలా చేసి చూడండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, వేళ, ఏ పాట, ముందు ఎలా ఉన్నారు, తర్వాత ఎలా ఉన్నారు అన్నది ఒక్కో లైన్ రాయండి. వారం తిరిగేసరికి ఏ పాట పలుకుతోందో, ఏది పలకడం లేదో మీకే కనిపిస్తుంది. అయిదారు పాటలు కుదిరితే చాలు, కొత్తవి చేర్చాలన్న తొందర వద్దు. అవే పాటలు రోజూ విన్నా ఆవిడకి విసుగు రాదు. రెండు వారాల తర్వాత ఆ నోట్‌బుక్‌లో ఉన్నది ఇక్కడ రాయండి. స్నానం వేళకి ఏది వాడాలో, సాయంత్రానికి ఏది ఉంచాలో కలిసి చూద్దాం.